నాటేది ఒక రోజు, నీళ్ళు పోసేది ఎవరు?

అశోకుడు రోడ్డుకు ఇరువైపులా చెట్లు నాటించాడని రాయకుండా చరిత్ర పరీక్ష పాసైనవాళ్ళు మన క్లాసులో ఎవరూ ఉండరు. జవాబు పొడుగు చాలకపోతే చివర ఆ మాట అతికించడం అందరికీ అలవాటే. అయితే మన పాఠం సగమే చెప్పింది. గుత్తి దగ్గరి ఎర్రగుడి బండల మీద ఆయన శాసనాలున్నాయి కదా, వాటిలో చెట్ల మాటతో పాటే బావుల మాట కూడా ఉంది. దారుల వెంట బావులు తవ్వించారట, మనుషులకూ పశువులకూ అని. బావి ఉన్న దారిలో మొక్కకు కూడా ఒక కడవ నీళ్ళు దొరికే ఉంటాయి. మనం చెట్లను గుర్తు పెట్టుకుని బావుల్ని వదిలేశాం.

మన ఊరిలో జరిగేదీ అదే. జూన్ 5 వస్తుంది. బ్యానర్ కడతారు, గుంత ముందే తవ్వి ఉంటుంది, ఒక మొక్క మీద పది చేతులు పడతాయి, ఫోటో తీస్తారు. జూలైలో వనమహోత్సవం అని ఇంకోసారి. 1950లో కె.ఎం. మున్షీ మొదలుపెట్టిన పండగ అది, మంచి ఉద్దేశంతోనే మొదలుపెట్టారు. కానీ పండగ అయ్యాక మొక్క ఎవరిది? ఈ ప్రశ్నకు జవాబు లేకనే నేను ఇది రాస్తున్నాను.

బస్‌స్టాండు నుంచి మన గేటు దాకా పోయిన ఏడాది నాటిన మొక్కల్ని రెండు వారాల కిందట లెక్క పెట్టాను. పదకొండు గుంతలు. నాలుగింటిలో మొక్క ఉంది. మూడింటిలో ఎండు పుల్ల ఉంది. మిగతా వాటిలో టీ కప్పులు. ఎందుకు చచ్చాయో కనుక్కోవడానికి బాటనీ డిపార్ట్‌మెంటు దాకా పోనక్కరలేదు. ఒక ఎండు పుల్లను లాగితే నల్ల ప్లాస్టిక్ కవరుతో సహా పైకి వచ్చింది. కవరు చించకుండానే పాతిపెట్టారు! వేరు ఎటు పోతుంది? గుంతలో మట్టి కంటే ఇటుక ముక్కలు, కంకర ఎక్కువ. బతికిన నాలుగింటిలో రెండు పూలమ్మే అక్క బుట్ట పెట్టుకునే చోట ఉన్నాయి. పూల మీద చల్లగా మిగిలిన నీళ్ళు ఆమె వాటికి పోస్తుంది. ఆమెను ఏ ఫోటోలోనూ నేను చూడలేదు.

బెంగుళూరు చుట్టుపక్కల వాళ్ళకు సాలుమరద తిమ్మక్కగారి పేరు కొత్త కాదు. హులికల్ నుంచి కుదూరు దారిలో 385 మర్రిమానులు పెంచిన అవ్వ. 2019లో పద్మశ్రీ ఇచ్చారు, 2025 నవంబరులో పోయారు. ఆమె గురించి అందరూ 385 అనే అంకె చెబుతారు. నాకు మాత్రం మొదటి అంకె ముఖ్యం అనిపిస్తుంది. ఆమె, భర్త చిక్కయ్య కలిసి మొదటి ఏడు పెట్టింది పదే పది. తరువాతి ఏడు పదిహేను. ఆ తరువాత ఇరవై. కడవలతో నీళ్ళు మోశారు, పశువులు మేయకుండా ముళ్ళకంప కట్టారు. అంటే ఎన్నిటికి నీళ్ళు మోయగలరో అన్నే పెట్టారన్నమాట. ఒక్క రోజులో వెయ్యి మొక్కలు అని బ్యానర్ కట్టేవాళ్ళు ఆ లెక్క ఒకసారి వేసుకుంటే బాగుంటుంది. అంత పేరున్న ఆ చెట్లకు కూడా 2019లో రోడ్డు వెడల్పు గండం వచ్చింది. ఆమె అడ్డుపడి ముఖ్యమంత్రి దాకా వెళితే గాని ఆగలేదు. పేరులేని చెట్టు గతి ఏమిటో చెప్పాలా?

మన డిపార్ట్‌మెంటు కాబట్టి ఒక చిన్న మాట. కన్నడంలో సాలు మర అంటే వరుసగా నాటిన చెట్లు. మా అవ్వ తెలుగులో కూడా సాలు అంటే నాగటి సాలు, వరుస. చెట్టును ఆమె ఎప్పుడూ మాను అనే అంటుంది: చింతమాను, రాగిమాను, కానగమాను. పుస్తకాల్లో మ్రాను. కన్నడం మర, తమిళం మరం, మన మాను అన్నీ ఒక్క కుదురు మాటలే. స్కూల్లో నేను మాను అంటే పల్లెటూరి మాట అని నవ్వారు. అది పల్లెటూరిదీ, కావ్యాలదీ రెండూ అని ఇక్కడికి వచ్చాకే తెలిసింది. ఇక అసలు సంగతికి వస్తాను.

పాత రోడ్డులో మిగిలిన పెద్ద కానగమానుల్ని కూడా తీసేయాలని ఊళ్ళో ఒక మాట నడుస్తోంది. మా ఇంట్లోనే రెండు పార్టీలు. నాన్నది జెరాక్స్ అంగడి. కొమ్మ అడ్డం వచ్చి బోర్డు కనబడదు, ఆకులు రాలి కాలువ నిండుతుంది అంటాడు. అమ్మ కన్నడంలో "నెరళు ఇరలి బిడ్రి" అంటుంది, నీడ ఉండనివ్వండి అని. నాన్న మాటను నేను కొట్టేయను. అంగడివాడికి బోర్డు కనబడాలి కదా. కానీ మార్చి, ఏప్రిల్‌లో ఆయన అంగడి ముందు జనం ఎక్కడ నిలబడతారో చూశాను. ఎండలో కాదు, ఆ మాను కిందే. ఉగాదికి కానగ కొత్త చిగురు వేసుకుని తళతళలాడుతుంది. సరిగ్గా మనకు నీడ కావలసిన నెలల్లో అది నిండుగా ఉంటుంది. దీనికి సాటి ఇంకేదైనా ఉందా?

అమ్మాయిలుగా మనం ఇంకో మాట అనుకుంటున్నాం, దాన్ని దాచడం మంచిది కాదు. సాయంత్రం ఆరు దాటితే రోడ్డు మలుపు దగ్గర చీకటి. లైటు ఉంది గాని కొమ్మల్లో మునిగిపోయింది. అందుకే మన హాస్టల్ వాళ్ళలో కొందరు "ఆ చెట్లు కొట్టేస్తే పీడా పోతుంది" అంటున్నారు. వాళ్ళ భయం నిజం. నేనూ ఆ మలుపులో ఫోను చెవికి పెట్టుకుని మాట్లాడుతున్నట్టు నటిస్తూ నడిచినదాన్నే. కానీ చీకటికి కారణం చెట్టు కాదు, లైటు పెట్టిన చోటు. కింది కొమ్మలు నాలుగు తీసి, లైటును కొమ్మల కిందికి దించితే నీడా ఉంటుంది, వెలుగూ ఉంటుంది. ఇది చేయడానికి గొడ్డలి అక్కరలేదు, ఒక నిచ్చెన, ఒక రంపం చాలు. అడగవలసింది మనం అడగాలి, చెట్టును నరకమని కాదు.

కొమ్మలు తీసే పద్ధతి కూడా ఒకటుంది. వానలకు ముందు కరెంటు తీగల కోసం వచ్చి ఒక పక్క మొత్తం నరికి పోతారు. చెట్టు రెండో పక్కకు బరువై వంగుతుంది. మే నెల గాలివానకు పడిపోతే, చూశారా చెట్టు ప్రమాదం అంటారు. మొదలు చుట్టూ సిమెంటు పోస్తే నీరు దిగదు. కేబులు కోసం తవ్వితే వేరు తెగుతుంది. ట్యూషన్ బోర్డులకు, పీజీ బోర్డులకు మేకులు కొడతారు. ఇన్ని చేసి తప్పు చెట్టు మీద వేస్తే ఎలా?

ఏ చెట్టు ఎక్కడ పెట్టాలన్నది కూడా ఎవరూ ఆలోచించరు. నర్సరీలో చవకగా ఏది దొరికితే అది. మే నెలలో ఎర్రగా పూసే తురాయి మడగాస్కర్ నుంచి వచ్చింది, చూడముచ్చటగా ఉంటుంది, కానీ వేరు లోతుకు పోదు, బస్‌స్టాపు పక్కన పెట్టే చెట్టు కాదది. తొందరగా పచ్చగా కనబడుతుందని కోనోకార్పస్ పెట్టారు కొన్ని ఊళ్ళలో. గుజరాత్ 2023లో, తమిళనాడు 2025లో దాన్ని వద్దన్నాయి. తీగల కింద పారిజాతమో దేవగన్నేరో పెడితే కొట్టే పనే ఉండదు. తీగలు లేని వైపు వేప, కానగ.

చట్టం లేదా అంటే ఉంది. కర్ణాటకలో చెట్ల రక్షణ చట్టం 1976 నుంచి ఉంది. చెట్టు కొట్టాలంటే ట్రీ ఆఫీసరు అనుమతి కావాలి, కొట్టినవాళ్ళు బదులు నాటాలి. యాభైకి మించి కొట్టాలంటే జనానికి నోటీసు ఇచ్చి అభ్యంతరాలు అడగాలి. కాని ఐదైదుగా, పదిపదిగా పోతే ఆ నోటీసు ఎక్కడిది? మన రోడ్డులో ఎన్ని చెట్లున్నాయో రాసిపెట్టినవాళ్ళు లేరు. లేని లెక్కలో ఒకటి తగ్గితే ఎవరికి తెలుస్తుంది?

అందుకే ఈ జూన్‌కు కొత్త మొక్కలు అడగవద్దు అని నా మనవి. ఎన్‌ఎస్‌ఎస్ అక్కలు కోప్పడకండి. ఉన్న నాలుగింటిని పెద్దవి చేద్దాం. మొక్క పక్కన అడుగున చిల్లి పెట్టిన పాత కడవ పాతి నింపితే మూడు నాలుగు రోజులు తడి ఉంటుందని అవ్వ చెప్పింది. క్యాంటీన్‌లో చేతులు కడిగిన నీళ్ళు రోజూ కాలువలోకే పోతున్నాయి. క్లాసుకు ఒక మొక్క, వారానికి ఇద్దరు, వేసవి సెలవుల్లో ఊళ్ళోనే ఉండేవాళ్ళం మేము పోస్తాం. మూడేళ్ళు దాటితే అది తన బతుకు తాను చూసుకుంటుంది. అప్పటికి మనం ఉండం, కాబట్టి ఫస్ట్ ఇయర్ చెల్లెళ్ళ పేర్లు ఇప్పుడే కావాలి.

ఇక లెక్క. బస్‌స్టాండు నుంచి గేటు దాకా ప్రతి మానుకూ తెలుగు పేరు, కన్నడ పేరు, మొదలు చుట్టుకొలత, మేకులెన్ని, లైటుకు అడ్డమా కాదా, అన్నీ రాసి ఈ గోడ మీదే అంటిద్దాం. ఒక కాపీ ఆఫీసుకు ఇద్దాం. మేడం సరే అన్నారు, చార్టు పేపరు డిపార్ట్‌మెంటులో ఉంది. శనివారం మూడో పీరియడ్ అయ్యాక గేటు దగ్గర మొదలుపెడదాం. కొలిచే టేపు నేను తెస్తాను, అమ్మ కుట్టుపనిది.