స్వగృహ సౌఖ్యము: దాని వెల

నిత్యము చేతికందు వస్తువునకు లోకమున మన్నన తక్కువ. కడవలోని చల్లని నీరు, వేళకు వేడి యన్నము, వేపచెట్టు నీడను నులకమంచము, వీధిలో వరుస పెట్టి పిలుచు నలుగురు మనుష్యులు, ఇవి సంపదలని మనకు తోచనే తోచదు. ఇవి సంపదలేయని నిశ్చయముగ చెప్పగలవారు పరదేశమున పనిచేసి మరలి వచ్చినవారు. వారి మాటలను మనము వినోదమునకై విని విడిచిపెట్టుచున్నాము. వానియందు ఇంటిపట్టున నున్నవారు నేర్వదగిన పాఠము గలదని మా యభిప్రాయము.

జగిత్యాల, సిరిసిల్ల, కామారెడ్డి, నిర్మల్, నిజామాబాదు ప్రాంతముల నుండి పురుషులును, కోనసీమ నుండియు కడప సీమ నుండియు పురుషులతోపాటు పెక్కుమంది స్త్రీలును గల్ఫు దేశములకు పోవుచున్నారు. 1973 లో చమురు ధర హెచ్చిన పిదప ఆ దేశములలో కట్టడములు, రహదారులు విస్తరించినవి. వానితోడనే ఈ వలసయు ప్రబలినది. ఇటుక మోయుట, ఇనుము కట్టుట, వీధులూడ్చుట, బండ్లు నడపుట, పరుల యిండ్లలో వంట చేయుట మనవారి పనులు. ఒక్కొక్క గదిలో ఆర్గురో ఎనమండుగురో అంతస్తుల మంచములపై పరుండుదురు. రాత్రి వండుకొన్న యన్నమును డబ్బాలో కట్టుకొని తెల్లవారకమున్నే బస్సెక్కుదురు. ఎండ యెంత తీవ్రమనగా, అరబ్ ఎమిరేట్లలో జూను 15 మొదలు సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నము పండ్రెండున్నర నుండి మూడు గంటల దాక ఆరుబయట పని చేయింపరాదని శాసనమే యున్నది.

ఇట్టివాడు ఇంటికి వచ్చి దేనిని మెచ్చుకొనునో గమనింపుడు. పండుగనాటి పిండివంటల నతడు మొదట తలపడు. ఆవకాయయు గోంగూరయు దుబాయి అంగళ్ళలోను దొరకును. జొన్నపిండి యక్కడను కలదు. కావున లోటు వస్తువునందు లేదు. కంచము ముందు కూర్చుండగా మారు వడ్డించు చేయి అక్కడ లేదు. జ్వరము వచ్చిన నాడు నుదురు తాకి చూచు మనిషి లేదు. చేతిలోని టెలిఫోనులో తల్లి ముఖము ప్రతిదినము కనబడును గాని, ఆ తల్లి చేతి ముద్ద నోటికందదు. తనంత తాను మేల్కొనువరకు నిద్రించుట, ఎవరి సెలవును లేక వీధిలోనికి పోవుట, పేరునకు ముందు అన్నాయనియో బావాయనియో వరుస వినబడుట, ఇవియే అతనికి భోగములు.

దీనికి గట్టి కారణము కలదు. గల్ఫు దేశములలో పనివాని నివాసపు అనుమతి చిరకాలము యజమాని పూచీతో ముడివడి యుండెను. ‘కఫాలా’ యని దానికి పేరు. యజమాని యొప్పనిదే పని మారుటకు వీలులేదు. కొన్నిచోట్ల ఊరికి పోవుటకును వీలులేకుండెను. పాసుపోర్టును యజమాని తనయొద్ద నుంచుకొనుట నిషిద్ధమే యైనను ఆ యలవాటు సమసిపోలేదు. 2020 లో కతారు, 2021 లో సౌదీ అరేబియా ఈ కట్టును కొంత సడలించినవి. 2021 నాటి సౌదీ సవరణలలో ఇంటిపనివారిని మాత్రము చేర్చలేదు. ఇంటి సౌఖ్యమునకు మూలము మెత్తని పరుపు కాదు, స్వాతంత్ర్యము. పరుల గడియారమునకు బద్ధుడై బ్రతికినవానికి తన గడప దాటుటయే పండుగ.

ఇక స్త్రీల మాట. పరుల యింట రెండేండ్లు వండి వార్చి, పిల్లల నెత్తి పెంచి, కోనసీమకో కడపకో మరలి వచ్చిన స్త్రీకి ఇంట లభించు సౌఖ్య మేమి? ఆమె పెట్టె దింపిన మరునాడే పొయ్యి ఆమెదియే యగుచున్నది. పురుషుడు మెచ్చుకొను వేడి యన్నము, కాగిన నీళ్ళు, ఉతికిన బట్ట తమంతట తాము పుట్టినవి కావు. ఒక స్త్రీ చేతి కష్టమునుండి పుట్టినవి. పరదేశమున జీతమునకు చేసిన పనినే ఇంట జీతము లేక చేయు స్త్రీకి, ఒక్క మాసమైనను కూర్చుండబెట్టి అన్నము పెట్టు మర్యాద మన సంసారములలో ఏర్పడవలయును. స్వగృహ సౌఖ్యము ఇంటిలో సగము మందికే చెల్లునదైనచో దానిని గూర్చి గర్వించుటకు మనకు హక్కు లేదు.

ఈ వేదన తెలుగువారికి క్రొత్తది కాదు. పూర్వము బర్మాకు ఓడలెక్కి పోయిన తెలుగు కూలీలను అక్కడివారు ‘కోరంగీ’లనిరి. గోదావరి ముఖమున నున్న కోరంగి రేవు పేరే అది. ఊరు విడిచినవానిని ఊరి పేరే వెంబడించినది. 1930 మే నెలలో రంగూను రేవులో చెలరేగిన అల్లరులలో వారు ప్రాణములు కోల్పోయిరి. 1942 లో జపాను సేనలు బర్మాలో ప్రవేశింపగా వేలకొలది భారతీయులతోపాటు తెలుగువారును కొండలు, అడవులు దాటి కాలినడకను ఇల్లు చేర యత్నించిరి. త్రోవలో కూలినవా రెందరో. ఇల్లనగా నేమో ఆ బాటసారులకు తెలియును.

అయినను ఇంటి సౌఖ్యమును పొగడినంతమాత్రమున మనిషి ఇంట నిలువడు. వచ్చిన మొదటివారము చుట్టములు, రెండవవారము విందులు, మూడవవారము అప్పులవాడు. సెలవు తీరక ముందే మంచముక్రింది పెట్టె మరల బయటికి వచ్చును. పోయిన వానిని డబ్బునకు ఆశపడెనని నిందించుట సులభము. అతనిని పంపినది బోరుబావిలో ఎండిన నీరు, ఆడపిల్ల పెండ్లి కట్నము, నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీ. ఆ వడ్డీని పుచ్చుకొనువారిలో, ఆ కట్నమును అడుగువారిలో మనమును కలము.

కావున చేయదగిన పనులు స్పష్టముగనే యున్నవి. పదవ తరగతి నెగ్గనివారు ఆ దేశములకు ఉద్యోగార్థము పోవుటకు కేంద్ర ప్రభుత్వపు అనుమతి అవసరము. లైసెన్సు గల ఏజెంటు 30,000 రూపాయలకును దానిపై పన్నునకును మించి పుచ్చుకొనరాదు. ప్రవాసి భారతీయ బీమా యోజన క్రింద ప్రమాద మరణమునకు 10 లక్షల రూపాయల రక్షణ కలదు. 30 ఏండ్లు నిండని స్త్రీని ఇంటిపనికై ఆ దేశములకు పంపరాదు. ఈ నియమములు గ్రామ పంచాయతి గోడమీద పెద్ద అక్షరములతో కనబడినచో ఎందరో మోసము నుండి తప్పించుకొందురు. చదువుకొన్నవారు తమ యూరి నుండి పోవువాని ఒప్పంద పత్రమును ఒక్కసారి చదివి చెప్పిన నది గొప్ప సాయము. భూవసతి గలవారు కూలికి న్యాయమైన వెల యిచ్చి, అప్పునకు ధర్మమైన వడ్డీతో తృప్తిపడినచో కొందరైనను గడప దాటకుందురు.

పోవలసినవారు పోవుదురు, దానిని ఆపుట యెవరి తరమును కాదు, అవసరమును కాదు. కాని పోవుట కోరిక వలన జరుగవలయును గాని, గత్యంతరము లేక జరుగరాదు. మనము ప్రతిదినము ఉచితముగ ననుభవించు చల్లని నీటికి, చెట్టునీడకు, నలుగురి పలకరింపునకు ఎంత వెల యున్నదో వారు ఎడారిలో చెల్లించి తెలిసికొనిరి. ఆ వెలను వారు మరల మరల చెల్లింపకుండ చూచుట ఇంట నున్నవారి బాధ్యత.