వంగిన వీపు నేరమా?

ఎదురుగాలిలో సైకిలు తొక్కి బడికి వెళ్ళినవారికి ఈ శాస్త్రం కొత్తగా బోధించనక్కరలేదు. కాలువగట్టు మీద గాలి ముఖాన కొడుతుంటే గడ్డం హ్యాండిలుకు తగిలేదాకా వంగి, మోచేతులు డొక్కలకు ముడుచుకొని తొక్కేవాళ్ళం. ఎవరూ నేర్పలేదు. గంట కొట్టేలోగా చేరాలన్న ఆత్రమే గురువు. నడివయసులో రేసు సైకిలు కొనుక్కొని, హైదరాబాదు ఔటర్ రింగ్ రోడ్డు పక్కన తెల్లవారుజామున తొక్కుతున్న నాకు, వేగం పెరగాలంటే కార్బన్ చక్రాలు కొనమని ఒక దుకాణదారుడు హితవు చెప్పాడు. నేను సీటు మీద ఎలా కూర్చుంటున్నానో అతడు చూడనైనా లేదు. నా కోపం అతడి మీద కాదు. అతడు వ్యాపారి, అమ్ముకోవాలి. ఆ బుద్ధినే నియమావళిగా రాసిపెట్టిన పెద్దల మీద.

ముందుగా గాలి లెక్క చూడండి. గాలి నిరోధం వేగపు వర్గంతో పెరుగుతుంది, దానిని జయించడానికి కావలసిన శక్తి వేగపు ఘనంతో పెరుగుతుంది. గంటకు 25 కిలోమీటర్ల నుంచి 30కి చేరితే వేగం పెరిగేది ఐదో వంతే. గాలికి చెల్లించే శక్తి మాత్రం 73 శాతం పెరుగుతుంది. చదును దారిలో 40 దాటాక మన శ్రమలో సింహభాగం గాలికే అర్పణం. ఆ గాలికి అడ్డు నిలిచేది ప్రధానంగా చక్రాలు కావు, ఫ్రేమూ కాదు. మనిషి ఒళ్ళు.

కనుక సవరించుకోవలసింది ఒంటినే, దానికి పైసా ఖర్చు లేదు. హ్యాండిలు కింది కొమ్ములు పట్టుకొని చేతులు బిర్రుగా చాచేవాడికన్నా, బ్రేకు తొడుగుల మీద చేతులుంచి, ముంజేతులు నేలకు సమాంతరమయ్యేలా మోచేతులు వంచినవాడికే తరచు గాలి తక్కువ తగులుతుంది. తలను భుజాల నడుమకు దించాలి. వీపును గూనిలా విరవడం కాదు, కటిని ముందుకు వాల్చాలి. లేకుంటే మెడా నడుమూ కలిసి పగ తీర్చుకుంటాయి. (నా నడుము రెండు వారాలు తీర్చుకుంది.) మరీ వంగితే తొడ పొట్టకు తగిలి ఊపిరి ఆడదు. అప్పుడు సీటును కాస్త ముందుకు జరపడమో, క్రాంకు పొడవు తగ్గించడమో చేసి చూడాలి. పావుగంట కూడా నిలవని భంగిమ ఎంత పదునైనదైనా వ్యర్థమే. ఈ వెదుకులాట ఎవరి ఒంటికి వారు చేసుకోవలసిన తపస్సు.

ఆ తపస్సును చివరంటా చేసినవాడు స్కాట్లండుకు చెందిన గ్రేమ్ ఓబ్రీ. సైకిలు దుకాణం నడిపి నష్టపోయిన మనిషి. వాషింగ్ మెషీన్ బేరింగులు కూడా వాడి తన సైకిలును తానే తయారు చేసుకున్నాడు. చేతులను రొమ్ము కిందికి ముడిచి, పక్షి రెక్కలు కట్టుకొన్నట్టు కూర్చునేవాడు. 1993 జూలైలో నార్వేలోని హామర్‌లో గంట రికార్డుకు ప్రయత్నించి విఫలుడై, మర్నాడు ఉదయమే మళ్ళీ ట్రాకు ఎక్కి 51.596 కిలోమీటర్లు తొక్కాడు. 1984 నాటి మోజర్ రికార్డు కూలింది. మరుసటి సంవత్సరం సిసిలీలో జరిగిన ప్రపంచ పోటీలలో ఆ కూర్పు చెల్లదన్నారు అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్యవారు. అతడు మానలేదు, అనర్హుడన్నారు. అతడు ఊరుకున్నాడా? చేతులు ముందుకు బారుగా చాచే మరో భంగిమ కనిపెట్టి 1995లో బొగోటాలో ప్రపంచ విజేత అయ్యాడు. అదే భంగిమలో క్రిస్ బోర్డ్‌మన్ 1996లో మాంచెస్టర్‌లో 56.375 కిలోమీటర్లు తొక్కాడు. దానినీ నిషేధించారు. 2000లో ఆ అంకెను పక్కకు నెట్టి వేరే పేరు తగిలించి, గంట రికార్డును 1972 నాటి మెర్క్స్ 49.431కి వెనక్కు లాగారు.

వారు చెప్పిన కారణం యంత్రం కన్నా మనిషే మిన్న అని. 1996లో లుగానోలో ఆ మాటతో ఒక ప్రకటన కూడా వెలువరించారు. నాకు అర్థం కానిది అదే. ముడిచిన చేతులు మనిషివా, యంత్రానివా? 2022లో ఫిలిప్పో గన్నా 56.792 కిలోమీటర్లతో బోర్డ్‌మన్ దూరాన్ని దాటాడు. అతడు మహా బలశాలి, సందేహం లేదు. కాని అతడి కింద ఉన్నది త్రీడీ ముద్రణలో పోసిన ఫ్రేము. అది చెల్లింది. వట్టి చేతులతో సాధించినది చెల్లలేదు!

భద్రత అంటారు. గుంపులో దిగుడు దారిన సీటు వదిలి పై గొట్టం మీద కూలబడడాన్నీ, ముంజేతులు హ్యాండిలు మీద వాల్చడాన్నీ 2021లో నిషేధించినపుడు నేను కొంత ఒప్పుకున్నాను. చేయి బ్రేకుకు దూరమైతే వెనకవాడి ఎముకలకూ ముప్పే. ట్రాకు మీద ఏకాకిగా గంటసేపు తిరిగేవాడి వెనుక ఎవరున్నారు? ఆ సైకిళ్ళకు అసలు బ్రేకులే ఉండవు.

తాజాగా 2026 నుంచి రోడ్డు పందేలలో హ్యాండిలు వెడల్పు 40 సెంటీమీటర్లకు తగ్గకూడదన్నారు. ఇరుకు భుజాల ఆడపిల్ల తన కొలతకు సరిపడే హ్యాండిలు వదిలి, విశాలవక్షుడి హ్యాండిలు పట్టుకొని రెక్కలు విప్పుకొని గాలికి ఎదురు నిలవాలట. ఏ శరీరాన్ని ఎదుట పెట్టుకొని ఈ కొలత నిర్ణయించారో ఆ పెద్దలే సెలవియ్యాలి.

చక్రాలు నేను కొనలేదు. సీటు ఒక సెంటీమీటరు ముందుకు జరిపాను. మెడ ఇంకా అలవాటు పడలేదు.