గడ్డికోత బండెక్కిన గాయకుడు

భార్య కారు తాళాలన్నీ దాచేసి వెళ్లింది. మద్యం దుకాణమేమో 8 మైళ్ల దూరం. ఏం చేయాలి? కిటికీలోంచి చూస్తే పచ్చిక కోసే మోటారు బండి కనిపించింది. ఇంకేం... దాన్నెక్కి టెక్సాస్‌ రోడ్డు మీద తాపీగా బయల్దేరాడు జార్జ్‌ జోన్స్‌. అమెరికా పల్లెపాటల్లోంచి పుట్టిన 'కంట్రీ' సంగీతంలో మహా గాయకుడాయన!

ఇలాంటి ఘట్టాలను ఏ కెమెరా చూసింది కనుక? అందుకే 'టేల్స్‌ ఫ్రమ్‌ ద టూర్‌ బస్‌' అనే డాక్యుమెంటరీని కార్టూన్‌గా తీశాడు మైక్‌ జడ్జ్‌. 2017లో సినిమాక్స్‌ ఛానల్లో వచ్చిన తొలి సీజన్‌ 8 భాగాలూ కంట్రీ గాయకుల గురించే. వాళ్లతో ఊళ్లు తిరిగిన వాద్యకారులూ స్నేహితులూ కబుర్లు చెబుతుంటారు, వాళ్లూ బొమ్మలే! అలాగని పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకోకండి. తిట్లూ తాగుడూ తుపాకులూ అన్నీ ఉంటాయి.

చెప్పేవాళ్లు నవ్వుతారు, మనమూ పొట్ట పట్టుకుంటాం. మరి తాళాలు దాచిన ఆ ఇల్లాలికి? తాగి కచేరీలు ఎగ్గొట్టీ ఎగ్గొట్టీ 'నో షో జోన్స్‌' అనిపించుకున్నాడాయన. తర్వాత పెళ్లాడిన గాయని ట్యామీ వైనెట్‌ కూడా 1975లో విడాకులు తీసుకుంది.

వేలన్‌ జెన్నింగ్స్‌ కథలోనూ నవ్వు వెనక ముల్లే. 1959లో జ్వరంతో ఉన్న తోటి కళాకారుడికి విమానంలో తన సీటిచ్చాడు. మీ విమానం కూలిపోవాలంటూ బడ్డీ హోలీని సరదాగా ఆటపట్టించాడు. నిజంగానే కూలింది. హోలీతో సహా అందులోని నలుగురూ పోయారు. 21 ఏళ్ల వేలన్‌ ఆ మాటను ఏళ్ల తరబడి మోశాడు.

జోన్స్‌ మందు పూర్తిగా మానింది 1999లో, కారు ప్రమాదంలో చావు అంచుదాకా వెళ్లొచ్చాక. అప్పటికాయనకు 67 ఏళ్లు.