కంప్యూటరుకూ ఒక పుత్తూరు కట్టు

ఎముక విరిగితే ఎక్కడెక్కడివాళ్ళో మన పుత్తూరు దారి పడతారు. ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు బద్దలు, గుడ్డ. ఇంతే కట్టు. అలాంటి ఊళ్ళో ఉండి, కంప్యూటరు ఆగిపోతే మాత్రం మేము "ఇక పోయింది" అని ముసుగు కప్పేశాము.

నిరుడు పరీక్షల ముందు మా కంప్యూటరు పది నిమిషాలకోసారి దానంతటదే ఆగిపోయేది. చూడవచ్చిన మెకానిక్ "బోర్డు పోయింది, కొత్తది కొనండి" అన్నాడు. డబ్బెక్కడిది? నెలన్నరపాటు పాత ప్రశ్నపత్రాల కోసం నెట్ సెంటర్లో పేజీకింత అని చెల్లించుకున్నాము.

చివరికి పాలిటెక్నిక్ చదివే మా సీనియరన్న వచ్చి పెట్టె విప్పాడు. ఫ్యాన్ నిండా దుమ్ము. హీట్‌సింకు తీస్తే, ప్రాసెసరు మీది తెల్ల పేస్టు పాత గోడ సున్నంలా ఎండి పెచ్చులూడుతోంది. జబ్బల్లా అదే.

మిత్రులారా, ఇందులో మన భౌతికశాస్త్రమే ఉంది. రెండు లోహాలు ఎంత నున్నగా కనిపించినా మధ్యన కంటికి ఆనని సందులుంటాయి. వాటిలో గాలి చేరుతుంది. ఉష్ణవాహకత గాలికి సుమారు 0.026, అల్యూమినియానికి సుమారు 237 (వాట్/మీటర్-కెల్విన్). మామూలు పేస్టుకు 1 నుంచి 10 లోపే. అంటే గాలి కంటే ఎంతో మేలు, లోహం కంటే ఎంతో తక్కువ. అందుకే సందులు నిండేంతే వేయాలి. మాలో ఒకడు దోసె మీద కారంలా దట్టంగా పూయబోతే అన్న చెయ్యి పట్టుకున్నాడు! పాతది స్పిరిట్‌తో తుడిచి, ఆరనిచ్చి, నడుమ కందిగింజంత పెట్టి, హీట్‌సింకును నిటారుగా అదిమి బిగించాము. ఒత్తిడికి అదే పరుచుకుంటుంది. అంతకుముందు కరెంటు వైరు పీకేయడం, చేతిలోని స్థిర విద్యుత్తు పోయేలా ఇనుప పెట్టెను తాకడం మరువకూడదు.

ఆ సాయంత్రం నుంచి అది ఆగలేదు.

"పిల్లల చేతికిస్తే పాడుచేస్తారు" అని పెద్దలు అంటారు. ఆ భయం అబద్ధమని మేమనము. మొదటిసారి మా చేతులూ వణికాయి. కానీ ముసుగులో ఉంచినా అది పాడైనట్టే కదా? నెలకోసారైనా పెద్దవారి ఎదుట విప్పి నేర్చుకోనివ్వాలన్నది మా అభిప్రాయం. తొమ్మిదో తరగతి వాళ్ళను కూడా కూర్చోబెట్టాలి. మేము వెళ్ళిపోయాక చూసుకోవలసింది వాళ్ళే.

ట్యూబులో పేస్టు ఇంకా సగం ఉంది. లోపలి గదిలో మరో రెండు కంప్యూటర్లు ముసుగులోనే ఉన్నాయి. ఆ గది తాళంచెవి ఒక్క ఆదివారం ఇప్పించండి.