చావు లేని వీరుడు పల్నాటికి పనికిరాడు

1966 తమాషా సంవత్సరం. ఫిబ్రవరిలో ఎన్టీఆర్ బ్రహ్మనాయుడిగా, భానుమతి నాగమ్మగా 'పల్నాటి యుద్ధం' వచ్చింది. ఆగస్టులో కృష్ణ పిస్తోలు పట్టుకుని 'గూఢచారి 116' అంటూ దిగాడు. సెప్టెంబరులో అమెరికా టీవీలో 'మిషన్ ఇంపాసిబుల్' అనే ధారావాహిక మొదలైంది. ఒకటి పన్నెండో శతాబ్దపు అన్నదమ్ముల పోరు, ఒకటి మద్రాసు స్టూడియోలో పుట్టిన జేమ్స్ బాండు, మూడోది అమెరికా వాళ్ల గూఢచారి కథ. పైకి చూస్తే వీటికి పొంతనే లేదు. నా లెక్కలో మాత్రం మూడూ ఒక గూటి పక్షులే. మూడింటిలోనూ కథలోకి దిగినవాడికి ప్రాణం పోయే వీలుంది. ఇవాళ వందల కోట్లు పోసి తీస్తున్న సూపర్‌హీరో సినిమాల్లో లేనిది అదే.

కోపంతో అంటున్న మాట కాదిది. ఆ సినిమాలు నేనూ చూశాను. 2018లో 'ఇన్ఫినిటీ వార్' తెలుగులోకి వచ్చినప్పుడు థానోస్‌కు రానా దగ్గుబాటి గొంతు ఇచ్చాడు. విశ్వంలో సగం జనాన్ని చంపుతానన్న రాక్షసుడు మన 'బాహుబలి' భళ్లాలదేవుడి గొంతుతో మాట్లాడుతుంటే భయానికి బదులు చుట్టరికం పుట్టుకొచ్చింది. మరుసటి ఏడు 'ఎండ్‌గేమ్'లో ఐరన్ మ్యాన్ చచ్చిపోయాడు. హాల్లో పిల్లలు ఏడ్చారు. నాకూ గొంతు పట్టేసింది, దాపరికమెందుకు. ఇన్నాళ్లకు వీళ్లకు చావు విలువ తెలిసిందనుకున్నాను. 2024 జులైలో అదే నటుడు, రాబర్ట్ డౌనీ జూనియర్, మరో ముసుగు తగిలించుకుని డాక్టర్ డూమ్‌గా తిరిగొస్తున్నానని వేదికెక్కి ప్రకటించాడు. అంటే మనం కార్చిన కన్నీళ్లకు రసీదు కూడా దక్కలేదు.

సూపర్‌హీరోలవాళ్లకు ఇది కొత్త అలవాటేం కాదు. 1992లో సూపర్‌మ్యాన్ బొమ్మల పుస్తకంలో అతన్ని చంపేశారు. అమెరికా అంతా ఎగబడి కొనుక్కుంది. 1993కల్లా లేపి కూర్చోబెట్టారు. ఇప్పుడైతే సమాంతర విశ్వాలనే సదుపాయం కూడా దొరికింది. ఈ లోకంలో పోయినవాడు పక్క లోకంలో నిక్షేపంగా ఉంటాడు. ఇక భయపడటం ఎందుకు? వాడు గెలుస్తాడని ముందే తెలిసినప్పుడు కూలే భవనాలు లెక్కపెట్టుకోవడం తప్ప మనకు మిగిలే పనేముంది?

పాత గూఢచారి ధారావాహికల్లో ఈ పని చెయ్యాల్సిన అవసరమే రాదు. 'మిషన్ ఇంపాసిబుల్'నే తీసుకోండి. మన ప్రాంతంలో ఎవరూ అప్పట్లో చూసింది లేదు. నాలాంటివాళ్లం ఎంతో ఆలస్యంగా, ఫోన్లు వచ్చాక చూశాం. ప్రతి భాగం మొదట్లో ఒక టేపు మోగుతుంది. చెయ్యాల్సిన పని చెబుతుంది. దొరికిపోతే మీరెవరో మాకు తెలియదంటామనీ ముందే చెబుతుంది. ఆనక పొగ వదులుతూ టేపు తనను తాను తగలబెట్టుకుంటుంది. జట్టులో వేషాలు వేసేవాడొకడు, తీగలూ యంత్రాలూ చూసేవాడొకడు, బరువులెత్తేవాడొకడు, ఎదుటివాడి కళ్లలోకి చూస్తూ అబద్ధం చెప్పగల స్త్రీ ఒకరు. తుపాకులు తక్కువ, పథకం ఎక్కువ. శత్రువును కొట్టరు. వాడి అనుమానంతోనే వాడు చెడిపోయేలా చూస్తారు. ఆ పథకంలో ఒక్క మేకు ఊడితే చాలు, నలుగురి ప్రాణాలూ పోతాయి. అందుకే లిఫ్టు తలుపు తెరుచుకోవడం కూడా ఊపిరి బిగబట్టి చూస్తాం.

సోవియట్ వాళ్లదీ ఒకటుంది, 1973 నాటి 'పదిహేడు వసంత క్షణాలు'. పన్నెండు భాగాలు. స్టిర్లిట్జ్ అనే రష్యా గూఢచారి జర్మన్ సైనికాధికారి వేషంలో బెర్లిన్‌లో ఏళ్లతరబడి బతుకుతాడు. ఒక హోటల్లో అతని భార్యను దూరపు బల్ల దగ్గర కూర్చోబెడతారు. పలకరించుకోవడానికి లేదు, దగ్గరికెళ్లడానికి లేదు. నిమిషాల తరబడి ఇద్దరూ చూసుకుంటారు, అంతే. ఒక్క మాట లేదు, ఒక్క తూటా పేలదు. హల్క్ పది ఊళ్లు కూలగొట్టినా ఆ బల్లల మధ్య దూరమంత బరువు రాదు.

మా తరానికి దక్కిన గూఢచారులు వేరు. దూరదర్శన్‌లో 1985లో 'కరంచంద్' క్యారెట్ కొరుకుతూ వచ్చాడు, పంకజ్ కపూర్. 1993లో బాసు ఛటర్జీ తీసిన 'బ్యోంకేష్ బక్షీ' వచ్చాడు, రజిత్ కపూర్. మాచర్లలో, గురజాలలో హిందీ ఎంతమందికి వచ్చు? అయినా బ్యోంకేష్ కనుబొమ్మ ఎగరేస్తే ఎవడో దొరికిపోయాడని అర్థమయ్యేది. వీళ్లిద్దరూ అపరాధ పరిశోధకులు, గూఢచారులు కారని సన్నాయి నొక్కులు నొక్కేవాళ్లుంటారు. నొక్కుకోనివ్వండి. తెలివే ఆయుధంగా బతికినవాళ్లంతా మాకు ఒకే కోవ. దాహం తీరకపోతే అద్దె పుస్తకాల షాపు ఉండేది. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్, అతని అసిస్టెంట్ రాజు. మధుబాబు షాడో, పై నుంచి ఆజ్ఞలిచ్చే కులకర్ణి, వెంట గంగారాం. అట్టలు చిరిగి, చివరి పేజీ ఎవడో చింపుకుపోయి, హంతకుడెవడో తెలియకుండా ఊరుకున్న పుస్తకాలు కూడా ఉన్నాయి. షాడో మాత్రం మనిషిగా మొదలై పోనుపోను అమానుషుడైపోయాడన్నది నా ఫిర్యాదు. తొలి నవలల్లో దెబ్బ తగిలితే నొప్పి ఉండేది.

కృష్ణ విషయంలో మాత్రం నాకు పక్షపాతం ఉంది. ఆయనది బుర్రిపాలెం, తెనాలి దగ్గర. మా పల్నాడు వేరే జిల్లా అయింది 2022 ఏప్రిల్‌లోనే కాబట్టి, అప్పటిదాకా మా జిల్లా మనిషే. డూండీ నిర్మించి, ఎం. మల్లికార్జునరావు దర్శకత్వం వహించిన 'గూఢచారి 116' హిందీలో జితేంద్ర 'ఫర్జ్' అయింది. తెలుగు నుంచి ఉత్తరాదికి ఒక గూఢచారి వెళ్లాడన్నమాట. అప్పటికి సీన్ కానరీ 'డాక్టర్ నో' వచ్చి నాలుగేళ్లే. తరవాత 'జేమ్స్‌బాండ్ 777', 'ఏజెంట్ గోపి', 'రహస్య గూఢచారి'. ఇవాళ చూస్తే విలన్ స్థావరంలో మిణుకుమిణుకుమనే ఎర్ర బల్బులు నవ్వు తెప్పిస్తాయి. కానీ కృష్ణను కుర్చీకి కట్టేస్తే కట్టేసినట్టే ఉండేవాడు. ముడి విప్పుకోవడానికి ఏదో ఒక ఉపాయం పన్నాల్సిందే. 2018లో శశికిరణ్ తిక్క దర్శకత్వంలో అడివి శేష్ 'గూఢచారి' చేసినప్పుడు తన పాత్రకు గోపి అనీ 116 అనీ పేరూ అంకే పెట్టుకుని పెద్దాయనకు దండం పెట్టాడు. ఆ సినిమా తక్కువ ఖర్చులో బాగుంది. ఖర్చు తక్కువ కాబట్టే బాగుందని నా అనుమానం.

ఎందుకంటే డబ్బు పెరిగేకొద్దీ గూఢచారి కూడా సూపర్‌హీరో అయిపోతున్నాడు. 1996లో 'మిషన్ ఇంపాసిబుల్'ను సినిమాగా తీసినప్పుడు వాళ్లు మొదట చేసిన పని ఏమిటో తెలుసా? సీరియల్‌లో ఏళ్లపాటు జట్టును నడిపిన జిమ్ ఫెల్ప్స్‌ను ద్రోహిని చేసి చంపేశారు. పాత ఇంటి పెద్దను వాకిట్లోనే పడగొట్టి లోపలికి నడిచారు. అక్కణ్ణుంచి టామ్ క్రూజ్ ఒక్కడే కొండలెక్కాడు, విమానం బయట వేలాడాడు, 2025లో వచ్చిన 'ఫైనల్ రెకనింగ్'లో చిన్న విమానం రెక్క పట్టుకుని గాల్లో తిరిగాడు. ఒంటి మీద రక్తం ఉంటుంది గానీ ప్రమాదం ఉండదు. హిందీ వాళ్లు 'పఠాన్'తో గూఢచారులందరినీ ఒకే విశ్వంలోకి తోలారు. మన జూనియర్ ఎన్టీఆర్‌ను కూడా తీసుకెళ్లి 2025 ఆగస్టులో 'వార్ 2' చేశారు. మంచి నటుడు. గూఢచారికి ఉండాల్సిన మొదటి లక్షణం ఎవరి కంటా పడకపోవడం. ఆ సినిమాలో ఆయన కంటపడని క్షణం లేదు.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి. సూపర్‌హీరో మనకు దిగుమతి సరుకేం కాదు. 1980లో వి. మధుసూదనరావు దర్శకత్వంలో ఎన్టీఆర్ 'సూపర్‌మ్యాన్' అయ్యారు. అందులో శక్తి ఏదో గ్రహం నుంచి రాదు, ఆంజనేయస్వామి ఇస్తాడు. నలభై నాలుగేళ్ల తరవాత 2024 సంక్రాంతికి ప్రశాంత్ వర్మ 'హనుమాన్'లో తేజ సజ్జకూ ఆయనే దిక్కయ్యాడు. ఆ సినిమా నాకు నచ్చింది. శక్తినిచ్చే మణి చేతిలో లేకపోతే ఆ కుర్రాడు ఎప్పటి చిల్లర దొంగే, దెబ్బలు తింటాడు. 1951 నాటి 'పాతాళభైరవి'లో తోటరాముడిదీ అదే కథ. వరాలిచ్చే బొమ్మ చేతిలో ఉన్నంతసేపే రాజభోగం. అది నేపాళ మాంత్రికుడి చేతికి పోగానే మళ్లీ తోటమాలి కొడుకే, తిరిగి తెలివితోనే గెలవాలి. మన పెద్దలు హీరోకు వరం ఇచ్చినా, వెంటనే లాక్కునే దారి కూడా కథలో ఉంచారు. 'ఎండ్‌గేమ్' తీసిన మార్వెల్ వాళ్లకు ఈ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు.

ఇక అసలు విషయానికి, పల్నాటి యుద్ధం జరిగిన మా కారెంపూడికి వద్దాం. కార్తీక అమావాస్యతో అక్కడ వీరారాధన ఉత్సవాలు మొదలవుతాయి. అయిదు రోజులు. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు. పేరుపేరునా అయిదు భాగాల ధారావాహికే. అదీ వరసలో చెప్పరు. కథలో అన్నిటికంటే ముందు జరిగిన కోడిపందెం ఉత్సవంలో నాలుగో రోజుకు వస్తుంది. ఫ్లాష్‌బ్యాక్ ఎవరో విదేశీయుడు కనిపెట్టాడనుకునేవాళ్లు ఒకసారి వచ్చి చూడాలి. వీరాచారవంతులు తమ వీరుల ఆయుధాలైన కొణతాలు పట్టుకుని నాగులేటి ఒడ్డుకు వస్తారు. వీరుల గుడిలో పూజలందుకునే అరవై ఆరుగురు వీరనాయకుల్లో యుద్ధం ముగిశాక సుఖంగా ఇంటికెళ్లిన వాళ్ల కోసం వెతక్కండి. చచ్చారు కాబట్టే గుడి.

బ్రహ్మనాయుడి కొడుకు బాలచంద్రుడి కథ ఇక్కడ పిల్లాణ్ణడిగినా చెబుతాడు. యుద్ధం సంగతి తెలియకుండా తల్లి పెంచుతుంది. బొంగరాలాడుతుంటే బొంగరం ఎగిరి ఒకామె కాలికి తగులుతుంది. ఆ పౌరుషమేదో రణభూమిలో చూపించమని ఆమె దెప్పుతుంది. అంతే, ఆట అక్కడితో సరి. భార్య మాంచాల దగ్గర సెలవు తీసుకుని కారెంపూడికి నడుస్తాడు. అతనికి వజ్రకాయం లేదు, ఎగిరే దుప్పటి లేదు. పోతే రానని తెలుసు, పంపేదానికీ తెలుసు. శ్రీనాథుడు ద్విపదలో చెప్పినా, వీరవిద్యావంతులు పాడినా వినేవాళ్లు కళ్లు తుడుచుకునేది అందుకే. రెండో అవకాశం ఎవరికీ లేదు. ఒక్క బ్రహ్మనాయుడు మాత్రం పిడుగురాళ్ల దగ్గర గుత్తికొండ బిలంలోకి వెళ్లిపోయాడనీ, ఇంకా లోపలే తపస్సు చేస్తున్నాడనీ చెబుతారు. సినిమా అయిపోయాక పేర్లు పడుతుంటే వచ్చే చిన్న ముక్క లాంటిది అదొక్కటే. ఎనిమిది వందల ఏళ్లయినా రెండో భాగం తియ్యకుండా ఊరుకున్నారు చూడండి, అదీ నిగ్రహమంటే.

గూఢచారి కథ కావాలంటే అదీ అక్కడే ఉంది. నాగమ్మ. గురజాల పక్క జిట్టగామాలపాడు నుంచి వచ్చి, నలగామరాజు కొలువులో మంత్రిణి అయిన స్త్రీ. కత్తి పట్టకముందే ఆమె సగం యుద్ధం గెలిచింది. కోడిపందెంలో ఓడించి రాజు సవతి తమ్ముళ్లయిన మలిదేవుల్ని ఏడేళ్లు అడవుల పాలు చేసింది. వాళ్ల పశువుల మందల మీదికి మనుషుల్ని పంపింది. గడువు తీరాక వాళ్ల తరఫున రాయబారానికి వచ్చిన అలరాజు విషానికి బలయ్యాడు, కథ చెప్పేవాళ్లంతా వేలు ఆమె వైపే చూపిస్తారు. ఆమెను దుర్మార్గురాలని తిట్టడం మావాళ్లకు అలవాటు. నాకెప్పుడూ పూర్తిగా ఒప్పుబడి కాలేదు. అవే ఎత్తులు మగ మంత్రి వేస్తే చాణక్యుడని పొగిడి ఉండేవాళ్లం. 1947లో కన్నాంబ, 1966లో భానుమతి ఆ పాత్ర వేశారంటేనే తెలియడం లేదా, ఆ కథకు ప్రాణమెవరో!

తరవాత మాత్రం సినిమావాళ్లకు పల్నాడంటే కొడవళ్లూ బాంబులే. 2022లో ఏకంగా 'మాచర్ల నియోజకవర్గం' అని పేరు పెట్టి సినిమా తీశారు. ఊరి పేరే కనబడింది గానీ ఊరు కనబడలేదు. అక్కడా హీరో వందమందిని కొడతాడు, చొక్కా ఇస్త్రీ నలగదు.

ఇప్పుడు టీవీ మళ్లీ దారిలో పడుతోంది. దేశంలో ఈ మధ్య వచ్చిన మంచి గూఢచారి ధారావాహిక 'ఫ్యామిలీ మ్యాన్' తీసింది మనవాళ్లే, తిరుపతి రాజ్ నిడిమోరు, చిత్తూరు కృష్ణ డి.కె. అందులో గూఢచారి శ్రీకాంత్ తివారీ దేశాన్ని కాపాడి ఇంటికొస్తే భార్య దగ్గర చీవాట్లు, పిల్లల దగ్గర అబద్ధాలు. ఆయాసపడతాడు, తప్పులు చేస్తాడు. వాడికేమైనా అవుతుందేమోనని మనం కంగారుపడతాం. అరవై ఏళ్ల కిందటి టేపు తగలబడిన చోటనుంచే అతను వచ్చాడు.

కాబట్టి తెలుగు వెబ్ సిరీస్‌లు తీసే నిర్మాతలకు ఒక విన్నపం. పల్నాటి కథ ఎనిమిది భాగాలకు సరిపడా సిద్ధంగా ఉంది, హక్కుల కోసం ఎవరికీ పైసా కట్టనక్కర్లేదు. నాగమ్మను మధ్యలో పెట్టండి. ఆమె ఎత్తు ఎత్తుకూ సమయం ఇవ్వండి. కంప్యూటర్ బొమ్మలకు పెట్టే డబ్బులో సగం మంచి రచయితకివ్వండి. రెండో సీజన్ కోసం బాలచంద్రుణ్ణి మాత్రం చివర్లో బతికించకండి. కారెంపూడిలో ఎవరూ ఒప్పుకోరు.