కనురెప్పల మర్దనము

సిద్దిపేటనుండి యొక సోదరి మాకు జాబు వ్రాసినారు. ఆమె గొల్లభామ చీరలు నేయు కుటుంబములోనివారు. సాయంకాలమగుసరికి కన్నులలో ఇసుక పడినట్లు గరగరలాడుననియు, కొంచెము గాలి తగిలినంతనే నీరు ధారగా కారుననియు, వైద్యుడు చూచి యిది కన్ను పొడిబారుటయే యని చెప్పి రెప్పలను మర్దనము చేసికొమ్మనెననియు తెలిపినారు. "నీరు కారెడి కన్ను పొడికన్నెట్లగును? పదిదినములు రుద్దితిని. కన్ను నెమ్మదింపలేదు సరిగదా, రెప్పలమీది చర్మ మెఱ్ఱబడి పొట్టు లేచుచున్నది. మానవలయునా, సాగింపవలయునా?" యని యామె ప్రశ్న. ఇట్టి బాధ మన యిండ్లలో అనేకులకు గలదు. నడివయస్సు దాటిన స్త్రీలకు మఱింత యెక్కువ. కావున ఈ మాసము దీనినిగూర్చియే వ్రాయుచున్నాము.

కన్నీరు వట్టి నీరు కాదు. దానిపై మిక్కిలి పలుచని నూనెపొర యొకటి పరచుకొనియుండి, నీరు గాలికి ఆరిపోకుండ కాపాడుచుండును. ఈ నూనె నిచ్చు గ్రంథులు మన రెప్పలలోనే యున్నవి. పైరెప్పలో 25 మొదలు 40 వఱకును, క్రిందిరెప్పలో 20 మొదలు 30 వఱకును నిలువుగా వరుసతీరియుండి, వెండ్రుకల మొదళ్ల కావలి యంచున వాని నోళ్లు తెఱచుకొనును. 1666లో వీనిని వర్ణించిన జర్మను వైద్యుడు మైబోము పేరనే నేటికిని వీనిని వ్యవహరించుచున్నారు. పుష్యమాసపు చలికి గిన్నెలోని నెయ్యి పేరుకొన్నట్లు ఈ నూనె చిక్కబడి నోళ్లకు అడ్డుపడినచో, పైపొర చెడి, కన్నీరు త్వరగా ఆరిపోవును. కన్ను మండును. ఆ మంటను చల్లార్చుటకై లోపలి గ్రంథి యొక్కసారిగా నీటిని కుమ్మరించును. ఆ నీటికి నూనె తోడు లేదు గనుక చెంపమీదికి జాఱిపోవును. సోదరి సందేహమునకు సమాధాన మిదియే: నీరు కారుచున్నను అది పొడికన్నే.

రెప్ప వాల్చిన ప్రతిసారియు ఆ గ్రంథులు కొంచెము నొక్కబడి చుక్కంత నూనె వెలువడును. సాధారణముగా నిమిషమునకు 15 సార్లు వాల్చువారము, సన్నని పనిమీద చూపు నిలిపినప్పుడు అందులో సగమైనను వాల్చము. తలమీద కుండ నెత్తుకొన్న గొల్లభామను చీరలో పోగుపోగుగా దించువారి చూపు ఎంతసేపు కదలకుండునో వేఱుగ చెప్పనక్కఱలేదు. సెల్‌ఫోను చూచువారికిని ఇదే గతి. అయితే వారికి చీరయైనను మిగులదు.

ఇక చేయవలసిన పని. మర్దనమునకు ముందు కాపడము తప్పనిసరి. పేరుకొన్న నెయ్యిని కరగింపక గిన్నె నెంత తట్టినను రాదుగదా! శుభ్రమైన మెత్తని నూలుగుడ్డను గోరువెచ్చని నీటిలో ముంచి పిండి, ముంజేతి లోపలివైపున తాకించి చూచి, మూసిన కన్నులపై ఉంచవలయును. వేడిమి 40 డిగ్రీల ప్రాంతమున నుండిన చాలును. గుడ్డ రెండు నిమిషములలోనే చల్లబడును. మరల ముంచుచు 5 మొదలు 10 నిమిషములు కాచవలయును. పెనముమీదనో ఇస్త్రీపెట్టెమీదనో గుడ్డను కాచి అద్దు అలవాటు కొన్ని యిండ్లలో కలదు. రెప్పచర్మము దేహమంతటిలో మిక్కిలి పలుచనిది. అది ఆ వేడికి ఓర్వజాలదు.

కాపడము ముగిసినవెంటనే, నూనె మెత్తగా నున్నప్పుడే మర్దనము చేయవలయును. గోళ్లు కత్తిరించుకొని, చేతులు సబ్బుతో కడిగి, కన్నులు మూసికొనుడు. ఒకచేతి వ్రేలితో కంటికొనను చెవివైపునకు కొంచెము లాగి పట్టిన రెప్ప కదలక నిలుచును. రెండవచేతి వ్రేలిమెత్తతో పైరెప్పను పైనుండి క్రిందికి, క్రిందిరెప్పను క్రిందినుండి పైకి, అనగా ఎప్పుడును వెండ్రుకలవైపునకే, మెల్లగా నిమురవలయును. అడ్డముగా రుద్దరాదు. వ్రేలిబరువు రెప్పమీదనే యుండవలెను గాని కనుగ్రుడ్డుమీద పడరాదు. ఒక్కొక్క కంటికి అరనిమిషము చాలును. దినమునకు ఒకటి రెండుసార్లు, కొన్ని వారములు విడువక చేసినగాని గుణము తెలియదు.

చర్మము చెడుటకు హేతువు తఱచుగా మర్దనముకంటె దానికి మనము చేర్చు వస్తువులే. సబ్బునురుగు, పసుపు, వాసననూనెలు, నుదుట రాచిన అమృతాంజనపు చేయి, ఇవన్నియు రెప్పను మండించునవే. ఇంటి ఆముదమును కంటిలో వేయుట పెద్దలు చెప్పినదే యైనను మేము సమ్మతింపము. సీసాలోని నూనె కంటికి తగినంత శుద్ధమైనది కాదు. కాటుకను రెప్పలోపలి యంచున దిద్దినచో మనము తెఱువజూచు నోళ్లనే అది కప్పివేయును. దుబ్బాక ప్రాంతమున బీడీలు చుట్టు సోదరీమణులు ఇంకొక్కటి గమనింపవలయును: తంబాకు పొడి గోళ్లక్రింద దాగియుండును. నీళ్లతో కడిగితిమి గదా యని ఆ వ్రేళ్లు రెప్పకు తాకించినచో మంట హెచ్చగును. సబ్బుతో గోళ్లసందులు తోముకొన్న పిదపనే తాకవలయును.

పొట్టు లేచినవారు మర్దనమును కొన్నిదినములు నిలిపి, గోరువెచ్చని కాపడము మాత్రము పెట్టి, తువ్వాలుతో తుడువక మెల్లగా అద్దుకొనవలయును. వాసనలేని వాజిలీనును రెప్పపై చర్మమునకు పలుచగా పూయవచ్చును. అంచునకును కంటిలోనికిని పోనీయరాదు. అప్పటికిని తగ్గనిచో, అది వాడుచున్న చుక్కలమందే పడకపోవుటయు కావచ్చును. వైద్యునికి చూపుడు.

శుక్లము తీయించుకొని యింకను మానని కన్నును తాకనే రాదు. గ్లకోమా కలవారు, నల్లగ్రుడ్డు పలుచబడినదని వైద్యుడు చెప్పినవారు ఆయన ననుజ్ఞ యడుగక చేయరాదు. నొప్పి, మిక్కిలి యెఱుపు, వెలుగు చూడలేకుండుట, చూపు మసకబారుట, వీనిలో ఏదియున్నను ఇంటివైద్యము చాలదు. పొడికన్నుతోపాటు నోరు పిడుచగట్టుట, కీళ్లనొప్పులు నున్నచో అదియు తప్పక చెప్పవలయును. 2018లోను, మరల 2023లోను జరిగిన కంటివెలుగు శిబిరములలో అద్దములు పొందినవారు కన్నంతయు చూపించితిమి గదా యని ఊరకుండుచున్నారు. అద్దము చూపునకే గాని రెప్పలోని నూనెకు కాదు.

మందుల దుకాణములో ఎఱ్ఱకన్నునకని యడిగి తెచ్చుకొను చుక్కలను మేమెంతయు వారించుచున్నాము. వానిలో కొన్నిట స్టిరాయిడు ఉండును. రెండుదినములలో మంట చల్లారును గాని, నెలలతరబడి వేసికొన్నచో కంటిలోని ఒత్తిడి హెచ్చి చూపే పోవచ్చును, శుక్లమును రావచ్చును. కృత్రిమ కన్నీటి చుక్కలు వేఱు. అవి దినమునకు నాలుగుసార్లకు మించి కావలసినవారు నిల్వమందు కలపని రకమును వ్రాయుమని వైద్యుని అడుగవలయును. సర్కారు వైద్యము కోరువారికి హైదరాబాదులోని సరోజినీదేవి కంటియాసుపత్రి కలదు.

పిల్లల కన్ను పొడిబారి, మునిమాపున త్రోవ తడుముకొనుచున్నచో అది ఈ రోగము కాదు. విటమిను ఏ కొఱత కావచ్చును. వారికి మర్దనము చేయుచు దినములు గడుపక, వెంటనే తీసికొనిపోవలయును.