షహర్ మజ్దూర్‌కు హామీ ఏదీ?

"గరీబులకు ముఫ్త్‌గా పంచి ఖజానా ఖాళీ చేస్తున్నారు" అని వాపోయే సాహెబులను ఒక్క మాట అడగాలి. 2020 లాక్‌డౌన్‌లో బజార్లో కొనేవాడు ఏమయ్యాడు? మజ్దూర్ జేబు ఖాళీ అయితే కిరాణా కొట్టు గల్లా ఖాళీ. గల్లా ఖాళీ అయితే కొట్లో కుర్రాడి నౌకరీ ఖాళీ. మందగమనం ఇలాగే ఇంటి నుంచి ఇంటికి పాకుతుంది.

దీన్ని అడ్డుకునే ఇంతెజామ్‌నే ఆర్థికవేత్తలు ఆటోమేటిక్ స్టెబిలైజర్లు అంటారు. ఆమ్దనీ తగ్గితే ఆదాయపు పన్ను దానంతటదే తగ్గుతుంది. రోజీ పోతే ఇమ్దాద్ దానంతటదే మొదలవుతుంది. కొత్త జీవో అక్కర్లేదు, మంత్రిగారి మెహర్బానీ అక్కర్లేదు. మంచి రోజులొస్తే పన్ను పెరిగి, ఇమ్దాద్ తగ్గి, ధరలకు కళ్ళెం పడుతుంది.

ఇవి వట్టి కితాబీ మాటలు కావు. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైన ఉపాధి హామీనే చూడండి. అడిగిన 15 రోజుల్లో పని, లేకుంటే భృతి అని 2005 నాటి చట్టం రాసిచ్చింది. 2019-20లో దేశమంతటా దాదాపు 265 కోట్ల పనిదినాలు నమోదయ్యాయి. కూలీలు కాలినడకన ఊళ్ళకు మళ్ళిన 2020-21లో అవి దాదాపు 389 కోట్లయ్యాయి. 2022-23కల్లా మళ్ళీ 300 కోట్ల లోపుకు దిగాయి. "ఒకసారి అలవాటు చేస్తే వదలరు" అనేవాళ్ళకు ఇదే జవాబు. బయట రోజీ దొరికినవాడు ఎండలో మట్టి తవ్వడానికి రాడు.

మరి షహర్‌ను నమ్ముకున్న మనవాళ్ళ సంగతేమిటి? ఆటో నడిపే భాయ్, వెల్డర్, టైలర్, లాడ్ బజార్ కోసం లక్క గాజులు చేసే ఆపా... వీళ్ళకు జాబ్ కార్డు లేదు. ఆదాయపు పన్ను కట్టేంత ఆమ్దనీ లేదు కనుక అది తగ్గితే ఒరిగేదీ లేదు. సబ్బు మీద జీఎస్టీ మాత్రం పని ఉన్నా లేకున్నా అదే రేటు. రేషన్ బియ్యం కడుపు నింపుతుంది, నిజమే. కిరాయి కట్టదు, కర్జా తీర్చదు.

"ముసీబత్ వస్తే సర్కార్ ప్యాకేజీ ఇస్తుందిగా" అంటారు. ప్రకటన, గైడ్‌లైన్స్, లిస్టు, లిస్టులో పేరు లేదని దఫ్తర్ చుట్టూ చక్కర్లు... ఇవన్నీ ముగిసేసరికి బీబీ కమ్మలు తాకట్టుకు పోయుంటాయి. ఆలస్యంగా వచ్చే ప్యాకేజీ ఖైరాత్. పని పోయిన రోజే మొదలయ్యేది హక్కు.

ఇది కానిపని కాదు. కేరళ అయ్యంకాళి పేరుతో పట్టణ ఉపాధి పథకం తెచ్చింది. 2022లో రాజస్థాన్ పట్టణాల్లో ఏడాదికి 100 రోజుల పని పథకం మొదలుపెట్టింది. మన రెండు రాష్ట్రాలకు అడ్డేమిటి?

రేపు ఓటుకోసం గల్లీలోకి వచ్చేవాళ్ళను షాదీఖానా అడగండి, రోడ్డు అడగండి. దాంతోపాటు ఇది కూడా అడగండి: షహర్లో రోజీ పోయిన రోజున మా హక్కు ఏ చట్టంలో రాస్తారు?